కొత్త వంతెన ఎందుకింత పాతది?

హైదరాబాదు,
ఆదివారం పొద్దున.

ప్రియమైన పిల్లలూ,

మొన్న వేసవిలో నయాపూల్ మీద నడుస్తుంటే చిన్నవాడు ఒక ప్రశ్న వేశాడు. "నయా అంటే కొత్త కదా తాతయ్యా, మరి ఈ వంతెన ఇంత పాతగా ఉందేం?" అని. ఆటోల హారన్ల మధ్య నాకు సగమే వినపడింది. ఆ సగానికి కూడా జవాబు చెప్పలేదు. లాడ్ బజారులో గాజుల కొట్లు కట్టేస్తారని అమ్మమ్మ ఒకటే తొందర. మీరు విశాఖ వెళ్ళిపోయాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఫోన్‌లో చెబుదామంటే మీరు "ఆఁ, ఆఁ" అంటూ ఇంకేదో చూస్తుంటారు. అందుకే ఉత్తరం.

నయాపూల్ అఫ్జలుద్దౌలా నవాబు కాలంలో కట్టింది. ఆయన 1869లో పోయాడు. అంటే నూట యాభై ఏళ్ళు దాటినా అది ఇంకా కొత్త వంతెనే! అదే మూసీ మీద కాస్త ఎగువన పురానాపూల్ ఉంది. 1578 నాటిది, చార్మినార్ కంటే పదమూడేళ్ళు పెద్దది. కట్టిన రోజున ఎవరూ దానికి 'పాత వంతెన' అని పేరు పెట్టి ఉండరు కదా. దిగువన ఇంకోటి లేచాకే అది పాతదైంది, తమ్ముడు పుట్టాకే మీ అన్న 'పెద్దాడు' అయినట్టు. ఒక పేరు పెట్టినప్పుడు ఆ నాటి 'ఇప్పుడు' ఆ పేరులో ఉండిపోతుంది. తర్వాత వచ్చినవాళ్ళం అర్థం పట్టించుకోకుండా వాడేస్తుంటాం. చిన్నవాడు పట్టించుకున్నాడు, అంతే తేడా.

చార్మినార్‌కి కూడా ఇలాంటి కథే ఉంది. అది 1591 నాటిదని మీ పుస్తకంలో ఉంటుంది. ముస్లిముల హిజ్రీ లెక్కలో అది వెయ్యో సంవత్సరం మొదలైన ఏడు. మనకు కటపయాది పద్ధతిలో అక్షరాలకు అంకెలున్నట్టే, అరబ్బీ అక్షరాలకూ విలువలున్నాయి. 'యా హాఫిజ్', అంటే 'ఓ రక్షకుడా', అన్న మాటలో అక్షరాల విలువలు కూడితే సరిగ్గా వెయ్యి వస్తుంది: పది, ఒకటి, ఎనిమిది, ఒకటి, ఎనభై, తొమ్మిది వందలు. కూడి చూడండి. చార్మినార్ కట్టిన సంవత్సరాన్ని ఈ మాటతోనే గుర్తుపెట్టుకున్నారు. ప్రార్థనా అదే, తేదీ అదే.

గడియారాలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. నాలుగు వైపులా ఉన్న ఆ నాలుగూ 1889లో పెట్టినవి. అందుకని ఎక్కడైనా చార్మినార్ పాత ఫొటో కనబడితే ముందు గడియారం కోసం వెతకండి. లేకపోతే ఆ ఫొటో 1889కి ముందుది. ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. నేను పాత ఫొటోలు ఎప్పుడూ ఇలాగే చదువుతాను. ముందు కరెంటు స్తంభం ఉందా, తర్వాత బండికి ఎద్దులున్నాయా ఇంజనుందా, ఆ తర్వాతే మనుషుల మొహాలు. మీ అమ్మమ్మకు ఈ అలవాటు అస్సలు నచ్చదు. మా పెళ్ళి ఫొటోలో నేను ముందు చూసింది వెనకున్న ట్యూబులైటునట.

గడియారం వచ్చినంత మాత్రాన అందరి టైమూ ఒకటైపోలేదు. ఒకప్పుడు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. రైళ్ళేమో చాలాకాలం మద్రాసు టైముతో నడిచాయి. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే సమయం అన్నారు. బొంబాయి ఒప్పుకోలేదు. 39 నిమిషాలు వెనక ఉండే తన టైమును అక్కడక్కడా 1955 దాకా పట్టుకు వేలాడింది. ఆ ఒకే సమయాన్ని లెక్కకట్టే రేఖ ఎక్కడినుంచి పోతుందో తెలుసా? మన కాకినాడ పక్కనుంచి. మీ విశాఖ దానికి తూర్పున, మా హైదరాబాదు పడమరన. మా కంటే మీకు సూర్యుడు దాదాపు పంతొమ్మిది నిమిషాలు ముందు నడినెత్తికొస్తాడు. ఫోనులో మాత్రం ఇద్దరికీ ఒకటే అంకె.

ఇప్పుడు మా నాయనమ్మ సంగతి ఒకటి చెప్పాలి. పల్లెలో ఉన్నప్పుడు ఆవిడ నన్ను లేపుతూ "బారెడు పొద్దెక్కింది, ఇంకా లేవవేంరా" అనేది. బారెడంటే రెండు చేతులూ చాపినంత పొడవు. అంటే ఆవిడ కాలాన్ని పొడవుతో కొలిచేది. ఇక్కడ హైదరాబాదులో మెహిదీపట్నం ఎంత దూరమని ఎవర్నైనా అడగండి. కిలోమీటర్లు ఎవరూ చెప్పరు. "ఇప్పుడైతే అరగంట, ఆరు దాటితే గంటన్నర" అంటారు. మేం దూరాన్ని కాలంతో కొలుస్తున్నాం. పల్లె వదిలి పట్నం రావడమంటే ఏమిటని నన్నడిగితే ఈ తారుమారే చూపిస్తాను.

దీన్ని బొమ్మగా గీసినాయన ఒకడున్నాడు. స్వీడన్‌కు చెందిన భూగోళ శాస్త్రవేత్త, పేరు టోర్‌స్టెన్ హేగర్‌స్ట్రాండ్. 1970లో ఆయన రాసిన ఒక వ్యాసం నగరాలను చదివేవాళ్ళ కళ్ళు తెరిపించింది. మామూలుగా మ్యాపులో మనిషి ఒక చుక్క. ఈయన ఏం చేశాడంటే, మ్యాపును కింద పరిచి, పైకి గంటలు పెట్టి, మనిషిని ఒక దారంగా గీశాడు. కదలకుండా కూర్చుంటే దారం నిటారుగా పైకి లేస్తుంది. బస్సెక్కితే పక్కకు వాలుతుంది, ఎంత వేగంగా వెళితే అంత ఎక్కువగా.

ఒకసారి మీ అమ్మ దారం గీసి చూడండి. ఎనిమిదింటికి మిమ్మల్ని స్కూల్లో దింపాలి. తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండాలి. సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరాలి, లేకపోతే మీరు బిస్కెట్ల డబ్బా ఖాళీ చేస్తారు. ఈ మేకుల మధ్య దారం ఎంత దూరం వెళ్ళి తిరిగి రాగలదో, మామూలు రోజున అంతే ఆవిడ విశాఖ. సముద్రం నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉండొచ్చు, వారమంతా ఆవిడకు లేనట్టే. ఒక బస్సు సర్వీసు తీసేస్తే ఎన్ని ఇళ్ళలో ఎన్ని దారాలు పొట్టివైపోతాయో లెక్కేసుకోండి. ఊరు మ్యాపులో అంగుళం కూడా తగ్గదు, మనుషులకు మాత్రం తగ్గిపోతుంది.

కథలు రాసేవాళ్ళకు ఈ దారం సంగతి ముందే తెలుసు. మీ పక్కనే విజయనగరం. గురజాడ గారి కన్యాశుల్కం తెరవగానే చోటు బొంకులదిబ్బ, గిరీశం నోట మొదటి మాట "సాయంకాలమైంది". ఊరూ పూటా రెండూ ముందే చెప్పేసి, అప్పుడు మనిషిని కదిలించారు. ఆ సాయంకాలం గిరీశానికి అప్పులవాళ్ళ టైము అని మరుక్షణం తెలిసిపోతుంది. జేమ్స్ జాయ్స్ అనే ఐర్లాండు రచయిత ఇంకా దూరం వెళ్ళాడు. యులిసీజ్ అనే లావుపాటి నవలంతా ఒక్క రోజు కథ. 1904 జూన్ 16, డబ్లిన్ నగరం. విచిత్రమేమిటంటే అది రాసిన ఏడేళ్ళూ ఆయన ఉన్నది డబ్లిన్‌లో కాదు, ట్రియెస్ట్, జూరిచ్, పారిస్ నగరాల్లో. ఏ వీధిలో ఏ నెంబరు కొట్టు ఎవరిదో చెప్పే డైరెక్టరీ ఒకటి దగ్గర పెట్టుకుని రాశాడు. 1922లో పుస్తకం వచ్చేసరికి ఆ డబ్లిన్ మారిపోయింది. చదవడం కష్టమే, నేను మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశాను. మా ఊరికైతే నెల్లూరి కేశవస్వామి గారి 'చార్మినార్' కథలున్నాయి. నిజాం పాలన పోయిన కాలపు హైదరాబాదు మనుషులు వాటిలో తిరుగుతుంటారు. అవి మాత్రం హాయిగా చదువుకోవచ్చు.

చిత్రకారుల్లో మోనే ఉన్నాడు. ఫ్రాన్సులో రువాన్ అనే ఊరి పెద్ద చర్చిని 1892, 93లలో ఎదురింటి కిటికీ దగ్గర కూర్చుని ముప్పైకి పైగా బొమ్మలు వేశాడు. వరసగా కాన్వాసులు పెట్టుకుని, వెలుగు మారగానే ఒకటి దించి ఇంకోటి ఎక్కించేవాడు. పొద్దున నీలంగా ఉన్న రాయి సాయంత్రానికి తేనె రంగుకు తిరిగేది. అన్నీ ఒకే గోడ బొమ్మలే, ఏ రెండూ మాత్రం ఒకలా ఉండవు.

ఇక నా సొంత పని. డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పయ్యేళ్ళకు పైగా మ్యాపులు గీశాను. దాన్లో నేను గర్వపడనిది ఒకటుంది, మీకు ఇంతవరకూ చెప్పలేదు.

అప్పుడు నాకు ముప్పై దాటలేదు. ఒక లేఔట్ నకలు గీయమన్నారు. పాత గ్రామపటం మీద ట్రేసింగ్ పేపరు పరిచాను. పటంలో వంకర తిరిగిన నీలం మచ్చ, పక్కన సన్నగా 'కుంట' అని రాసి ఉంది. దాని చుట్టూ శిఖం, అంటే నీళ్ళు నిండినప్పుడు మునిగే నేల. ఒక చివర మత్తడి గుర్తు. నీళ్ళు ఎక్కువైతే అటు పొర్లి పోవాలన్నమాట. పటం కింద సంవత్సరం ఫసలీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కలో ఉంది. దానికి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. "కుంట ఎండిపోయి ఎన్నేళ్ళయిందో, అది వదిలెయ్" అన్నారు పైవాళ్ళు. నిజంగానే అప్పటికి అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. నేను ఆ నీలాన్ని నకల్లోకి ఎక్కించలేదు. స్కేలు పెట్టి ముప్పై అడుగుల రోడ్లు, రెండు వందల గజాల ప్లాట్లు గీశాను. చాలా శుభ్రంగా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా.

2020 అక్టోబరులో కురిసిన వాన మీకూ గుర్తుండాలి, టీవీలో చూసి ఫోన్ చేశారు. ఆ కాలనీలో నడుం లోతు నీళ్ళు. నీళ్ళు తగ్గాక ఆగలేక వెళ్ళి చూశాను. గోడల మీద బురద చార ఎక్కడిదాకా ఉందో చూసుకుంటూ వీధి వీధీ తిరిగాను. ఆ చారలన్నీ కలిపితే వచ్చిన ఆకారం నాకు తెలిసిందే. వంకర తిరిగిన ఆ మచ్చే. నేను గీయకుండా వదిలేసినదాన్ని నీళ్ళు గీశాయి. ఒకావిడ తడిసిన పరుపు ఎండలో వేస్తూ "ఎవరు కావాలండీ?" అని అడిగింది. ఎవరూ కాదన్నాను.

అప్పటినుంచి పేర్లు వింటే నాకు కాలు ఆగిపోతుంది. మాసబ్ ట్యాంక్ అంటాం, ట్యాంక్ ఏది? అది మా సాహెబా తలాబ్, ఒకప్పటి చెరువు. బషీర్‌బాగ్, జాంబాగ్, ఇన్ని బాగ్‌లలో తోటలెక్కడ? పేరులో ఒక కాలం, నేల మీద ఒక కాలం, నేల కింద వాలులో ఇంకో కాలం. మూడూ ఒకే పిన్‌కోడ్‌లో. 1908 మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో ఈ నగరాన్ని వందల షీట్లలో వీధి వీధీ సర్వే చేశారు. కుదిరితే ఆ షీట్లు చూపిస్తాను. ఇల్లు కొనే ముందు అలాంటి పటం ఒకసారి చూడమని అందరికీ చెబుతుంటాను. వాస్తు అడుగుతారు గానీ ఇది మాత్రం ఎవరూ అడగరు.

పాతదంతా అలాగే ఉంచెయ్యాలనే చాదస్తం నాకు లేదు. కెవిన్ లించ్ అనే అమెరికా నగర నిపుణుడు 1972లో 'ఈ చోటు ఏ కాలంలో ఉంది?' అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకమే రాశాడు. ఊరు మారాల్సిందేనంటాడు. కాకపోతే ఏది ఎప్పుడు మారిందో నడిచేవాడి కంటికి తెలియాలంటాడు. నాకు అది సబబుగా తోచింది. ఆ కాలనీ మధ్యలో 'ఇక్కడ కుంట ఉండేది' అని ఒక రాయి ఉన్నా చాలు, ఆ పరుపు ఆవిడ ఇంటి గచ్చు రెండడుగులు ఎత్తుగా వేయించుకునేది.

అలాంటి గుర్తు మనకు ఒకటుంది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగితే నూట యాభై మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. పాతబస్తీ పెద్దవాళ్ళు ఆ వరదను ఇప్పటికీ తుగ్యానీ అంటారు. ఆ తర్వాతే వరదను ఆపే దారి చూపమని విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. మొన్న మనం ఆ చెట్టుకు దగ్గర్లోంచే వెళ్ళాం, గాజుల తొందరలో చూపించడం మర్చిపోయాను.

సంక్రాంతికి వస్తున్నారుగా. ఈసారి మేడ మీద ఒక పని చేద్దాం. రెండు ఇటుకల మధ్య కర్రను నిటారుగా నిలబెట్టి, పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దముక్కతో చుక్క పెడదాం. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు మన మేడకు అసలు మధ్యాహ్నం. జనవరి నడుమ ఇక్కడ అది పన్నెండూ ఇరవై ఐదు ప్రాంతంలో వస్తుంది. మీరు విశాఖ వెళ్ళి అదే కర్ర నిలబెడితే పన్నెండూ ఐదు, ఆరుకే వచ్చేస్తుంది. ఆ రోజు ఒంటిగంట దాకా భోజనానికి పిలవొద్దని అమ్మమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

ప్రేమతో,
తాతయ్య

తా.క. సుద్దముక్కలు మీరే తెండి. ఇక్కడి కొట్లో అడిగితే మార్కర్ పెన్ను ఇస్తున్నారు.