జిగురు డబ్బా మూత తీసే ముందు

పెరంబూరు, చెన్నై.

చిరంజీవులు చిన్నికి, బాబికి తాతయ్య దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. ఈ సెలవుల్లో మీరిద్దరూ స్క్రాప్‌బుక్, అదే ఫోటోలూ టికెట్లూ జ్ఞాపకంగా అంటించుకునే పుస్తకం, మొదలుపెడతారట, ఏమేం కొనాలో తాతని అడగమన్నారట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. జార్జిటౌన్‌లో ఏళ్ళ తరబడి పుస్తకాలు బైండు చేసినవాణ్ణి, అడగాల్సినవాణ్ణే అడిగారు. ఫోన్లో చెబితే సగం గాలికిపోతుందని రాస్తున్నాను. కాగితానికి ఒక వైపే రాశాను, గమనించారా? అంటించేశాక వెనక ఏముందో ఇంకెవరూ చదవలేరు. రెండు వైపులా రాతున్న ఉత్తరం, వెనక సంతకాలున్న కార్డు లాంటివి దొరికితే అంటించొద్దు. ఒక కాగితం ముక్కకి మూడంచులా జిగురు రాసి పేజీకి జేబులా అతికించి, అందులో పెట్టండి. కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చు.

కిట్ కొనిమ్మని మీ నాన్నని పీడించకండి. స్టిక్కర్లు, రిబ్బన్లు, మెరుపు పొడి కలిపి అమ్ముతారు. మెరుపు పొడి పండగ దాకా ఇంట్లో అన్నంలో కూడా కనిపిస్తుంది. మీకు కావలసింది ఒక పుస్తకం, గ్లూ స్టిక్కు, కత్తెర, మెత్తని పెన్సిలు, ఒక నల్ల పెన్ను. బయటి దేశాల్లో పన్నెండంగుళాల చదరపు పుస్తకం వాడతారు. మనకి ఏ4 చాలు. 4x6 అంగుళాల ఫోటోలు రెండు పట్టి, రాసుకోవడానికి చోటు మిగులుతుంది.

పుస్తకం కొనేటప్పుడు జీఎస్‌ఎం ఎంతని అడగండి. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క అది. నోటుపుస్తకం కాగితం 60 చుట్టుపక్కల ఉంటుంది, జిగురు తడి తగలగానే ముడతలు పడుతుంది. 150 దాటినది తీసుకోండి. మీ దగ్గర కుట్టు బైండింగు నోటుపుస్తకమే ఉంటే అదీ పనికొస్తుంది, కానీ ముందు ఒక పని చెయ్యాలి. ప్రతి మూడో కాగితాన్నీ కుట్టు దగ్గర ఒక అంగుళం వదిలి కత్తిరించెయ్యండి. మొత్తం చించేస్తే అవతలి జత కాగితం ఊడొస్తుంది. ఆ వదిలిన అంగుళం అతికించే వస్తువుల మందానికి చోటిస్తుంది. ఇలా చెయ్యకపోతే నాలుగు నెలలకే పుస్తకం మొసలిలా నోరు తెరుచుకుని కూర్చుంటుంది.

జిగురు విషయంలో నా మాట వినండి. తెల్ల జిగురులో నీళ్ళెక్కువ, పల్చటి కాగితానికి వద్దు. మైదా జిగురు, అన్నం మెతుకు అసలే వద్దు, పురుగులకి విందు చేసినట్టే. మా బైండింగులో మైదాలో మైలతుత్తం కలిపేవాళ్ళం పురుగు పట్టకుండా. అది విషం, మీరు ముట్టుకోకూడదు. గ్లూ స్టిక్కు చాలు, అంచుల దాకా పల్చగా రాయాలి. ఈ తంటా అందరూ పడ్డదే. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ విసిగిపోయి, ముందే జిగురు పూసిన పేజీల స్క్రాప్‌బుక్కుకి 1873లో పేటెంటు తీసుకున్నాడు. తడిపితే అతుక్కునేది.

ఫోటోలకి జిగురే తగలనివ్వకండి. పేజీలో నాలుగు మూలలా ఏటవాలుగా గాట్లు పెట్టి, ఫోటో మూలలు అందులో దూర్చాలి. గాట్లు పెట్టే పని మీ నాన్నది. బీరువాలోని పెళ్ళి ఫోటోల జోలికి పోవద్దు, వాటికి కాపీ తీయించుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది మిషన్లో వచ్చే టికెట్టు. సినిమా హాల్లో, హోటల్లో, సూపర్ మార్కెట్లో ఇచ్చే నున్నటి చీటీ మీద సిరా ఉండదు. ఆ కాగితానికి పూసిన రసాయనం వేడి తగిలితే నల్లబడుతుంది, మిషను అక్షరాల మేరకే వేడి పెడుతుంది. కొన్నాళ్ళకి అదే వెలిసిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. పోనీ లామినేషన్ చేయిద్దామంటే, ఆ వేడికి మొత్తం నల్లగా మారిపోతుంది! తెచ్చిన రోజే జెరాక్స్ తీసి, ఆ జెరాక్స్ అంటించండి. బస్సు కండక్టరు చింపి ఇచ్చిన పాత రంగు టికెట్టు మీ దగ్గరుంటే దానికి ఈ బెడద లేదు, అది సిరాతో అచ్చయినది. న్యూస్‌పేపరు కటింగుకి కూడా జెరాక్సే మేలు. ఆ కాగితంలో చెక్క గుజ్జు ఎక్కువ, అందులోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకీ గాలికీ పచ్చబడి, పక్కనున్న ఫోటోని కూడా పాడుచేస్తుంది.

ఆకులు, పూలు పెడతారా? పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టండి, పేపరు రోజు విడిచి రోజు మార్చండి. మడిస్తే పుటుక్కున విరిగేంతగా ఎండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊరి వానల్లో ఈ పని పెట్టుకోవద్దు, బూజు పడుతుంది. పుస్తకాన్ని అటక మీదా బయటి గోడకానించీ పెట్టకండి, చెమ్మ ఎక్కుతుంది.

అలంకరణ మీ ఇష్టం. రాయడం మాత్రం మీ ఇష్టం కాదు. ప్రతి వస్తువు పక్కనా ఎవరు, ఎక్కడ, ఏ తేదీ అని సంవత్సరంతో సహా రాయాలి. ‘బాబాయితో బీచ్‌లో’ అంటే ఏ బాబాయి? ఇవాళ మీకు తెలుసు. రేపు మీ పిల్లలకి ఆయన తాత అవుతాడు, వాళ్ళెలా పోల్చుకుంటారు? వరసతో పాటు పేరు కూడా రాయండి. మెరీనానా, బెసంట్ నగరా అన్నది కూడా. ఆ తర్వాత ఫోటోలో కనపడనిది ఒక్క మాటైనా రాయండి. బీచ్‌లో సుండల్ (గుగ్గిళ్ళు) ఎంతకి కొన్నారు, ఎవరు అలిగారు, తిరుగుదారిలో ఎవరు నిద్రపోయారు. పుస్తకమంతా ఒకేసారి నింపాలని కూర్చోకండి. ఒక్క రోజు సంగతి, రెండు పేజీలు, మూడు వస్తువులు. అంతకంటే ఎక్కువైతే రాతకి చోటుండదు.

శనివారం రండి, జార్జిటౌన్‌లో పారిస్ కార్నర్ దగ్గరున్న ఆండర్సన్ వీధికి తీసుకెళ్తాను. పెళ్ళికార్డుల షాపులు, కాగితం షాపులు వరసగా ఉంటాయి. హైకోర్టు మెట్రోలో దిగి నడిచిపోవచ్చు. ఆదివారం వస్తే చాలా షాపులు మూసుంటాయి. కత్తెరలు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి, నాది ఇవ్వను.

తాతయ్య