జాతి అంటే తప్పు, పార్టీ అంటే ఒప్పు: నార్త్ కరోలినా పటం వెనుక కథ

2022లో నార్త్ కరోలినా నుంచి అమెరికా ప్రతినిధుల సభకు ఏడుగురు రిపబ్లికన్లు, ఏడుగురు డెమోక్రాట్లు ఎన్నికయ్యారు. రెండేళ్లు తిరిగేసరికి, 2024లో, ఆ లెక్క పది, నాలుగు అయింది. ఈలోగా ఓటర్లు మూకుమ్మడిగా మనసు మార్చుకున్నారా అంటే అదేమీ లేదు. 2024 నవంబరులో అదే బ్యాలెట్ మీద వాళ్లు అధ్యక్ష పదవికి ట్రంప్‌ను మూడు శాతం తేడాతో గెలిపించారు. గవర్నర్ పదవికి మాత్రం, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి పదవికి, డెమోక్రాట్ జాష్ స్టైన్‌ను దాదాపు 15 శాతం తేడాతో ఎన్నుకున్నారు. అటూ ఇటూ మొగ్గే రాష్ట్రమే అది, అలాగే ఉంది. మారింది నియోజకవర్గాల పటం.

ఆ మూడు సీట్ల బరువు ఎంతో చూడండి. 2024 ఎన్నికల్లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లకు 220, డెమోక్రాట్లకు 215 వచ్చాయి. నార్త్ కరోలినా ఒక్కటి ఏడు, ఏడుగా నిలిచి ఉంటే డెమోక్రాట్ల సంఖ్య 218 అయ్యేది. 435 మంది సభలో అది మెజారిటీ.

మన దేశంలో నియోజకవర్గాల పునర్విభజనకు కమిషన్ వేస్తారు, న్యాయమూర్తి అధ్యక్షత వహిస్తారు. నార్త్ కరోలినాలో ఆ పని రాష్ట్ర శాసనసభదే. శాసనసభలో ఎవరిది పైచేయి అయితే పెన్సిలు వాళ్లది. 1996లో రాజ్యాంగ సవరణ చేసి గవర్నర్‌కు వీటో అధికారం ఇచ్చారు గానీ, పునర్విభజన బిల్లులను దాని పరిధిలోంచి తప్పించారు. అందుకే రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకున్న గవర్నర్ కూడా ఈ ఒక్క విషయంలో ప్రేక్షకుడే.

ఈ కథకు మొదలు వెతకాలంటే ఈశాన్య ప్రాంతపు పత్తి, పొగాకు జిల్లాలకు వెళ్లాలి. అంతర్యుద్ధం తరవాత నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న జిల్లాలన్నిటినీ ఒకే నియోజకవర్గంలో కుక్కారు. దానికి 'బ్లాక్ సెకండ్', అంటే నల్లజాతివాళ్ల రెండో నియోజకవర్గం, అని పేరు పడింది. చుట్టుపక్కల సీట్లు తెల్లవాళ్లకు భద్రంగా ఉండాలన్నది లెక్క. అయితే ఆ కుక్కుడు వల్లే అక్కడి నుంచి నల్లజాతి ప్రతినిధులు కాంగ్రెస్‌కు వెళ్లగలిగారు. వాళ్లలో చివరివాడు న్యూ బెర్న్‌లో వకీలుగా పనిచేసిన జార్జ్ హెన్రీ వైట్. 1898లో విల్మింగ్టన్ నగరంలో సాయుధ తెల్లజాతి మూకలు ఎన్నికైన పాలకవర్గాన్ని కూలదోసి, నల్లజాతివాళ్లను చంపాయి. 1900లో ఓటుకు అక్షరాస్యత పరీక్ష పెట్టారు. పరీక్ష ఎవరికోసమో చెప్పనక్కర్లేదు. 1901 జనవరిలో వైట్ సభలో వీడ్కోలు ప్రసంగం చేస్తూ, ఇది బహుశా నీగ్రోలు అమెరికన్ కాంగ్రెస్‌కు చెబుతున్న తాత్కాలిక వీడ్కోలని, ఫీనిక్స్ పక్షిలా మళ్లీ ఒకనాడు లేచి వస్తామని అన్నాడు. నార్త్ కరోలినా నుంచి మరో నల్లజాతి సభ్యుడు గెలవడానికి 1992 దాకా పట్టింది.

ఆ 1992 కూడా ఊరికే రాలేదు. నల్లజాతివాళ్ల ఓటును కాపాడే 1965 నాటి ఓటింగ్ హక్కుల చట్టాన్ని 1982లో బలపరిచారు. నార్త్ కరోలినా శాసనసభ స్థానాల కేసులోనే 1986లో సుప్రీంకోర్టు ఆ చట్టానికి కోరలున్నాయని, నల్లజాతి ఓట్ల బలం తగ్గించే పటాలను దానికింద కొట్టేయవచ్చని తేల్చింది. 1990 జనాభా లెక్కలతో రాష్ట్రానికి పన్నెండో సీటు దక్కింది. శాసనసభ అప్పట్లో డెమోక్రాట్లది. నల్లజాతి ఆధిక్యం ఉన్న నియోజకవర్గం ఒక్కటి గీసి పంపితే సరిపోదని, రెండోది గీయవచ్చని, పటానికి ముందుగా అనుమతి ఇవ్వాల్సిన పెద్ద బుష్ ప్రభుత్వ న్యాయశాఖ అభ్యంతరం చెప్పింది. డెమోక్రాట్లు గీశారు గానీ, తమ సిటింగ్ సభ్యుల సీట్లకు ముప్పు రాకుండా గీశారు. దాంతో పుట్టింది విచిత్రమైన పన్నెండో నియోజకవర్గం. డర్హమ్ నుంచి షార్లెట్ మీదుగా గాస్టోనియా దాకా 85వ అంతర్రాష్ట్ర రహదారి వెంబడి సుమారు 160 మైళ్ల పొడవు. కొన్నిచోట్ల దాని వెడల్పు రహదారి వెడల్పే. కారు తలుపులు రెండూ తెరిచి ఆ రోడ్డు మీద నడిపితే నియోజకవర్గంలోని జనంలో చాలామంది చచ్చిపోతారని ఒక శాసనసభ్యుడు వేసిన చలోక్తి సుప్రీంకోర్టు తీర్పులోకీ ఎక్కింది.

అయినా ఫలితం వచ్చింది. పన్నెండులో మెల్ వాట్, ఒకటిలో ఈవా క్లేటన్ గెలిచారు. తొంభై ఏళ్ల ఖాళీ నిండింది.

మరుసటి ఏడాదే దెబ్బ పడింది. డర్హమ్‌కు చెందిన అయిదుగురు తెల్లజాతి ఓటర్లు వేసిన కేసులో, 1993 జూన్‌లో, సుప్రీంకోర్టు 5-4తో వాళ్లవైపు మొగ్గింది. షా వర్సెస్ రీనో అని న్యాయ విద్యార్థులంతా చదివే తీర్పు ఇదే. జాతి తప్ప మరే కారణమూ చెప్పలేని ఆకారంలో గీస్తే అది రాజకీయ వర్ణవివక్షను తలపిస్తుందని జస్టిస్ ఓకానర్ రాశారు. తరవాత ఎనిమిదేళ్ల పాటు పన్నెండో నియోజకవర్గం కోర్టుకూ శాసనసభకూ మధ్య బంతిలా తిరిగింది. 1996లో కొట్టేశారు, మళ్లీ గీశారు, మళ్లీ కేసు. చివరికి 2001లో అదే సుప్రీంకోర్టు, మళ్లీ 5-4తోనే, సవరించిన పటానికి సరేనంది. ఎందుకంటే దాన్ని గీసింది జాతిని బట్టి కాదు, పార్టీని బట్టి అని నమ్మింది.

నా దృష్టిలో ఈ కథ మలుపు అక్కడే ఉంది. నార్త్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు పదిమందిలో తొమ్మిదిమంది డెమోక్రాట్లకే ఓటేస్తారు. అలాంటి చోట జాతిని బట్టి గీసిన గీతకూ పార్టీని బట్టి గీసిన గీతకూ తేడా కంటికి కనిపించదు. కాగితం మీద రాసిన కారణంలోనే ఉంటుంది. జాతి అంటే కోర్టు కొట్టేస్తుంది, పార్టీ అంటే వదిలేస్తుంది. ఆ సంగతి ముందు డెమోక్రాట్లకు పనికొచ్చింది. ఆ తరవాత రిపబ్లికన్లు దాన్ని కంఠతా పట్టారు.

2010లో రిపబ్లికన్లు శాసనసభ రెండు సభలనూ గెలుచుకున్నారు. శతాబ్దానికి పైగా అలా జరగలేదు. పునర్విభజన ఏడాదికి సరిగ్గా ముందు దక్కిన ఆ గెలుపుతో వాళ్లు టామ్ హాఫెలర్ అనే పటాల నిపుణుణ్ని పిలిపించారు. ఓటింగ్ హక్కుల చట్టం కోసమేనంటూ ఒకటి, పన్నెండు నియోజకవర్గాల్లోకి ఇంకా ఎక్కువమంది నల్లజాతి ఓటర్లను చేర్చారు. 2012లో రాష్ట్రం మొత్తం మీద డెమోక్రటిక్ అభ్యర్థులకు సగం కన్నా కాస్త ఎక్కువే ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం 13లో నాలుగు. 2014లో అది మూడుకు దిగింది.

2016 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు, అంటే రాష్ట్రానిది కాని కేంద్ర కోర్టు, ఆ రెండు నియోజకవర్గాలనూ జాతి ప్రాతిపదికన గీశారని కొట్టేసింది. 2017లో సుప్రీంకోర్టూ సమర్థించింది. అప్పుడు శాసనసభ చేసిన పని చూస్తే, సిగ్గు విడిచిన నిజాయితీ అంటే ఇదేనేమో అనిపిస్తుంది. కొత్త పటానికి జాతి వివరాలు అసలు చూడబోమని ప్రకటించారు. పదిమంది రిపబ్లికన్లు, ముగ్గురు డెమోక్రాట్లు గెలిచేలా గీయాలని పునర్విభజన కమిటీ నాయకుడు డేవిడ్ లూయిస్ బహిరంగంగా ప్రతిపాదించాడు. పదకొండు, రెండు ఎందుకు కాదంటే అలా గీయడం సాధ్యమని తాను అనుకోవడం లేదన్నాడు. గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థుల కోసం వెలిసిన పెద్ద విశ్వవిద్యాలయం ఉంది, ఏ అండ్ టీ. ఆ క్యాంపస్ మధ్యలోంచి గీత పోయింది. ఒకే విద్యార్థుల ఓట్లు రెండు నియోజకవర్గాల్లో కరిగిపోయాయి.

ఆ పటం మీద వచ్చిన కేసులోనే 2019 జూన్‌లో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ తీర్పు రాశారు. పార్టీ లాభం కోసం గీసే పటాలు ఎంత అన్యాయంగా ఉన్నా, వాటిని తూచే కొలబద్ద ఫెడరల్ కోర్టుల దగ్గర లేదన్నారు. రాష్ట్రాల కోర్టులకు వెళ్లవచ్చని దారి చూపించారు. ఇదీ 5-4 తీర్పే.

పటాన్ని వ్యతిరేకించినవాళ్లు రాష్ట్ర కోర్టులకు వెళ్లారు. హాఫెలర్ 2018లో చనిపోయాక, పటాలు గీసిన ఫైళ్లున్న అతని కంప్యూటర్ డ్రైవులు కూతురి చేతికి వచ్చాయి. వాటిని ఆమె కేసు వేసిన కామన్ కాజ్ సంస్థకు అప్పగించింది. రాష్ట్ర కోర్టు పాత పటాన్ని ఆపడంతో 2020లో సీట్లు ఎనిమిది, అయిదు అయ్యాయి. 2020 జనాభా లెక్కల్లో రాష్ట్ర జనం కోటి నాలుగు లక్షలు దాటి, పద్నాలుగో సీటు వచ్చింది. ఆ పెరుగుదలలో పెద్దవాటా రాలీ, షార్లెట్ పరిసరాలది. మన తెలుగువాళ్లు సాఫ్ట్‌వేర్, ఔషధ కంపెనీల ఉద్యోగాలకు చేరుకున్న కేరీ, మోరిస్‌విల్ అక్కడివే. కేరీలోని వేంకటేశ్వరాలయానికి 2022లో గోపురం లేచింది. సీటు తెచ్చింది ఊళ్లలోకి కొత్తగా వచ్చినవాళ్లు. దాన్ని ఎటు మళ్లించాలో నిర్ణయించింది శాసనసభ. ఇప్పటి పటంలో పదమూడో నియోజకవర్గం రాలీ చుట్టూ గుర్రపు నాడాలా తిరుగుతుంది.

నార్త్ కరోలినాకు సొంతంగా ఒక రాష్ట్ర సుప్రీంకోర్టు ఉంది. దాని న్యాయమూర్తులనూ ఓటర్లే ఎన్నుకుంటారు, పార్టీ పేరుతో సహా. 2022 ఫిబ్రవరిలో డెమోక్రాట్లు 4-3గా ఉన్న కోర్టు, పార్టీ లాభానికి గీసిన పటం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమంది. ఏడు, ఏడు వచ్చింది ఆ తరవాత కోర్టు నియమించిన నిపుణులు గీసిన పటంతోనే. అదే నవంబరులో రిపబ్లికన్లు కోర్టులో 5-2 అయ్యారు. 2023 ఏప్రిల్‌లో అదే కేసును తిరిగి విని, ఆ తీర్పును తిరగేశారు. రాజ్యాంగంలో అక్షరం మారలేదు, కుర్చీల్లో మనుషులు మారారు. అసలు రాష్ట్ర కోర్టులకు ఇందులో జోక్యమే లేదన్న శాసనసభ వాదనను వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు ఆ జూన్‌లో 6-3తో తిరస్కరించింది. అప్పటికే అది ఎవరికీ అక్కరకు రాని గెలుపు.

2023 అక్టోబరులో కొత్త పటం వచ్చింది. ముగ్గురు డెమోక్రటిక్ సభ్యులు, క్యాథీ మానింగ్, వైలీ నికెల్, జెఫ్ జాక్సన్, సీటు కోసం మళ్లీ నిలబడనే లేదు. మూడు, ఆరు నియోజకవర్గాల్లో డెమోక్రాట్లు అభ్యర్థినే పెట్టలేదు. జాక్సన్ ఖాళీ చేసిన పద్నాలుగో సీటు నుంచి గెలిచింది టిమ్ మూర్. ఆ పటాన్ని ఆమోదించిన రాష్ట్ర ప్రతినిధుల సభకు అప్పటి స్పీకర్ ఆయనే. ఎనిమిదో సీటు రిపబ్లికన్ మార్క్ హారిస్‌కు దక్కింది. 2018లో తొమ్మిదో నియోజకవర్గంలో 905 ఓట్ల ఆధిక్యం కనిపించాక, ఆయన ప్రచారానికి పనిచేసిన వ్యక్తి బ్లేడెన్ కౌంటీలో పోస్టల్ బ్యాలెట్లతో చేసిన అక్రమాలు బయటపడి, ఎన్నికే రద్దయిన అభ్యర్థి ఆయన. ఆయన మీద మాత్రం కేసు పెట్టలేదు.

పోటీ నిజంగా మిగిలింది ఒకటో నియోజకవర్గంలోనే. 1992లో ఈవా క్లేటన్ గెలిచిన, జార్జ్ వైట్ నాటి పత్తి జిల్లాలు చాలావరకు ఉన్న సీటు అది. అప్పటినుంచీ అక్కడ నల్లజాతి సభ్యులే గెలుస్తూ వచ్చారు. 2024లో డెమోక్రాట్ డాన్ డేవిస్ రెండు శాతం కన్నా తక్కువ తేడాతో నిలబెట్టుకున్నారు. 2025 ఆగస్టులో ట్రంప్ కోరిక మీద టెక్సస్ తన పటాన్ని, పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కల దాకా ఆగకుండా, దశాబ్దం మధ్యలో తిరగరాసింది. అక్టోబరులో నార్త్ కరోలినా ఆ బాట పట్టింది. ఇంకో రిపబ్లికన్ సీటు కోసమేనని గీసినవాళ్లే చెప్పారు. గవర్నర్ స్టైన్ ఖండించారు, అంతకన్నా చేయగలిగింది లేదు. నవంబరులో ముగ్గురు ఫెడరల్ న్యాయమూర్తులు పటాన్ని ఆపడానికి నిరాకరించారు. ఒకటో నియోజకవర్గంలోకి సముద్రతీరపు కౌంటీలు వచ్చాయి, వైట్ వకాల్తా చేసిన న్యూ బెర్న్ కూడా వాటిలోనే ఉంది. బదులుగా విల్సన్, వేన్, లెనోయర్, గ్రీన్ కౌంటీలు మూడో నియోజకవర్గంలోకి వెళ్లాయి. డాన్ డేవిస్ సొంత ఊరు స్నో హిల్ గ్రీన్ కౌంటీలో ఉంది.