చేపకు దాహం వేస్తుందా?

అక్వేరియం ముందు నిలబడి మా అన్నయ్య కూతురు అడిగింది: "బాబాయ్, ఇది ఇన్నేసి నీళ్లు తాగుతోంది కదా, పొట్ట పగిలిపోదా?" గాజుకు అవతల గోల్డ్‌ఫిష్ గుటకలు వేస్తున్నట్టే నోరు తెరుస్తోంది, మూస్తోంది. నిజానికి అది తాగడం కాదు, ఊపిరి తీసుకోవడం. నోట్లోకి వచ్చిన నీళ్లు మొప్పల మీదుగా సాగి, తలకు రెండు పక్కలా ఉన్న మూతల కింది నుంచి బయటికి పోతాయి. దగ్గరికెళ్లి చూస్తే, నోరు మూసుకోగానే ఆ మూతలు తెరుచుకోవడం కనిపిస్తుంది.

చేపల మీద అపోహలు చాలానే ఉన్నాయి. గోల్డ్‌ఫిష్‌కు జ్ఞాపకం మూడు సెకన్లే అంటారు, కానీ అది నేర్చుకున్న పనిని నెలల తరబడి గుర్తుపెట్టుకుంటుంది. చాలా చేపలకు రెప్పలు ఉండవు, అయినా విశ్రాంతి తీసుకుంటాయి. తిమింగలం అసలు చేపే కాదు. ఇవన్నీ ఒక్క మాటలో తేలిపోతాయి. దాహం సంగతే అలా తేలదు.

నీళ్లలో తిరిగే చేప ఎప్పుడు నీళ్లు తాగిందో తెలుసుకోలేమని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాశాడు, ఖజానా సొమ్ము మింగే ఉద్యోగుల గురించి చెబుతూ. ఆ తెలుసుకోలేని సంగతిని 1930లో హోమర్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తేల్చాడు. చేపలున్న నీళ్లలో ఒక రంగు కలిపాడు. సముద్ర చేపల పేగుల్లో ఆ రంగు పేరుకుంది. అంటే అవి తాగుతున్నాయి!

ఎందుకు తాగాలో పిల్లలకు వంటింట్లోనే చూపించవచ్చు. కీరా ముక్కల మీద ఉప్పు చల్లి కాసేపు ఆగితే పళ్లెంలో నీరు ఊరుతుంది. ఎండు ద్రాక్షను మంచినీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. పలచటి పొర అడ్డుగా ఉంటే నీరు ఉప్పో చక్కెరో ఎక్కువున్న వైపుకే పోతుంది. బడిలో దీన్నే ద్రవాభిసరణ అని చెప్పి, బంగాళాదుంప ప్రయోగం చేయించి వదిలేస్తారు. అక్కడే చేప కథ కూడా చెబితే ఏ పిల్లవాడూ ఆ మాట మరిచిపోడు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మనకు ఎక్కించే సెలైన్‌లో 9 గ్రాములే. ముళ్లున్న చేపల రక్తం కూడా ఇంచుమించు ఆ సెలైన్ లాంటిదే. ఆక్సిజన్ లోపలికి రావాలంటే మొప్పల పొర పలచగా ఉండాలి. ఊపిరి కోసం తెరిచిన ఆ తలుపులోంచే నీరూ జారుకుంటుంది. అందుకే సముద్రంలో ఈదే చేప ఉప్పు చల్లిన కీరా ముక్క లాంటిది. చుట్టూ అంత నీరున్నా ఒంట్లో నీరు తగ్గిపోతూనే ఉంటుంది. మంచినీటి చేప ఎండు ద్రాక్ష. దాని ఒంట్లోకి అడగకుండానే నీరు వచ్చి పడుతుంది. అందుకని అది దాదాపు తాగదు, పలచటి మూత్రాన్ని మాత్రం ధారాళంగా వదులుతుంది. ఆ మూత్రంతో పాటు పోయే కాస్త ఉప్పును మొప్పలతో నీటిలోంచి తిరిగి ఏరుకుంటుంది.

మరి సముద్ర చేప తాగిన ఉప్పు ఏమవుతుంది? చేప మూత్రపిండం రక్తం కంటే ఉప్పగా మూత్రాన్ని చేయలేదు. ఆ ఉప్పును బయటికి పంపే పనీ మొప్పలదే. 1930ల మొదట్లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, పాములా పొడవుగా ఉండే ఈల్ చేప మొప్పలు ఉప్పును బయటికి నెట్టేస్తాయని చూపించాడు. ఆ పని చేసే కణాలు మొప్పల పొరలోనే ఉంటాయి, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలతో నిండి. ఎదురుదిశలో ఉప్పును తోయడానికి అంత శక్తి కావాలి మరి. సొర చేపది ఇంకో దారి. అది రక్తంలో యూరియా నిల్వ చేసుకుని, లోపలి గాఢతను సముద్రం కంటే కాస్త ఎక్కువగానే ఉంచుకుంటుంది. దాంతో నీరు బయటికి పోయే సమస్యే ఉండదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచేది సాల్మన్. నదిలో పుట్టి సముద్రానికి వెళ్తుంది. ఇంకా మంచినీళ్లలో ఉండగానే పిల్ల చేప ఒళ్లు వెండిలా మెరుస్తుంది, మొప్పల్లో ఉప్పును తోసే కణాలు తయారవుతాయి. ఉప్పునీరు నోటికి తగలకముందే సముద్రానికి సిద్ధమైపోతుందన్నమాట.

పాప అడిగిన చేప మంచినీటిది కాబట్టి దానికి తాగే అవసరమే లేదు. ఈల్ సంగతి వేరు. మనలో దాహం పుట్టించే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్‌ను ఈల్ రక్తంలోకి ఎక్కిస్తే, అది కూడా నీళ్లు తాగడం మొదలుపెడుతుంది.