పొదుపు కాదు, కోత: యూరప్ అప్పుల సంక్షోభం మీద అపోహలు - వాస్తవాలు

2009 చివర్లో హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు పరిశోధన విభాగంలో చేరాను. దక్షిణ యూరప్ ప్రభుత్వాల బాండ్లు, అంటే అవి అప్పు తీసుకుని రాసిచ్చే పత్రాలు, చూడటం నా పని. మధ్యాహ్నం రెండింటికి సిస్టమ్ ముందు కూర్చుంటే రాత్రి పదకొండు దాకా గ్రీస్, పోర్చుగల్, స్పెయిన్, వాటితోపాటు ఐర్లండ్, లాత్వియా. ఎక్సెల్ షీట్‌లో ఒక్కో దేశానికి నలభై వరసలు: లోటు ఎంత, వడ్డీ ఎంత, ఏ నెలలో ఎంత బాకీ తీర్చాలి. అట్టడుగు వరసకు 'అమలు రిస్కు' అని పేరు: జనం అడ్డుపడి కోతలు ఆగిపోయే ప్రమాదం ఎంత అని, 1 అంటే తక్కువ. ఏథెన్స్‌లో లక్షమంది రోడ్డెక్కినా, లిస్బన్‌లో జనం వీధులు నింపేసినా చివరికి ఆ గడిలో 1 నుంచి 5 లోపు ఒక అంకె పడేది. ఏడేళ్ళు ఆ అంకె వేసింది నేనే. ఇప్పుడు పీజీ విద్యార్థులకు పబ్లిక్ ఫైనాన్స్ చెబుతున్నాను. మన రాష్ట్రాల అప్పుల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు "ఇలాగే పోతే గ్రీస్ అయిపోతాం సార్" అంటారు. గ్రీస్‌లో ఏం జరిగిందని అడిగితే వచ్చే జవాబులు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఆ జవాబుల గురించే ఇది.

ముందు ఒక మాట సంగతి తేల్చుకోవాలి. అప్పుల్లో పడిన ప్రభుత్వం జీతాలు, ఖర్చులు కోసి పన్నులు పెంచడాన్ని ఆస్టెరిటీ అంటారు. దాన్ని మన పత్రికలు 'పొదుపు చర్యలు' అని రాస్తాయి. పొదుపు మనకు మంచి మాట. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రోజుకో రూపాయి పక్కన పెట్టి నడిపిన సంఘాలకు 'పొదుపు లక్ష్మి' అని పేరు. పొదుపు చేసేవాళ్ళు తమ డబ్బు తామే దాచుకుంటారు, అవసరానికి తామే తీసుకుంటారు. 2012 ఫిబ్రవరిలో గ్రీస్ కనీస వేతనాన్ని నెలకు 751 యూరోల నుంచి 586కు దించారు. పాతికేళ్ళలోపు వాళ్ళకు 32 శాతం పోయింది. ఆ డబ్బు ఎవరి డబ్బాలోనూ పడలేదు. అది కోత. 'పొదుపు చర్యలపై ఆందోళన' అనే హెడ్డింగ్ చదివితే ఆందోళన చేసేవాళ్ళు దుబారా మనుషులే అయ్యుంటారు అనిపిస్తుంది. కింది అపోహల్లో సగం ఈ అనువాదంలోనే పుట్టాయని నా నమ్మకం.

అపోహ: పని చేయకుండా కూర్చుని తిన్నారు, అందుకే మునిగారు.

సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్కల్లో అప్పట్లో గ్రీస్‌లో పనిచేసేవాళ్ళు ఏడాదికి సగటున 2000 గంటలకు అటూ ఇటూగా పనిచేశారు. జర్మనీ సగటు 1400 చుట్టూ ఉంది. చిన్న దుకాణాలు, సొంత వ్యవసాయం గ్రీస్‌లో ఎక్కువ, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు జర్మనీలో ఎక్కువ. గంటకు వచ్చే ఉత్పత్తి జర్మనీలో చాలా ఎక్కువ. కాబట్టి ఈ అంకెతో గ్రీకులు గొప్పవాళ్ళని తేలదు. సోమరులు కారని మాత్రం తేలుతుంది.

గ్రీస్ ప్రభుత్వం లెక్కలు దాచింది, అది నిజం. 2009 లోటు చివరికి జీడీపీలో 15 శాతం దాటింది. కానీ అదే గాటన స్పెయిన్‌ను, ఐర్లండ్‌ను కట్టేయడం తప్పు. 2007లో స్పెయిన్ బడ్జెట్ మిగులులో ఉంది, అప్పు జీడీపీలో 36 శాతం చుట్టూ. ఐర్లండ్ అప్పు 25 శాతం లోపే. అప్పటికి జర్మనీది 60 శాతం దాటింది. ఐర్లండ్‌లో మునిగింది రియల్ ఎస్టేట్‌కు అప్పులిచ్చిన బ్యాంకులు. 2008 సెప్టెంబర్ 29 రాత్రి ప్రభుత్వం ఆ బ్యాంకుల బాకీలకు పూచీ పడింది. రెండేళ్ళు తిరిగేసరికి ఒక్క 2010 లోటే జీడీపీలో 30 శాతం దాటింది. తెల్లారేసరికి పక్కవాడి అప్పు తమ మెడకు చుట్టుకున్న జనానికి 'మీరు అతిగా బతికారు' అని పాఠం చెబితే కోపం రాదా?

అపోహ: అంత డబ్బు సాయం చేస్తే కృతజ్ఞత లేకుండా జెండాలు తగలబెట్టారు.

2010 మేలో యూరో దేశాలు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) కలిసి, కోతలు పెట్టాలన్న షరతుతో, గ్రీస్‌కు 11,000 కోట్ల యూరోల అప్పు ప్యాకేజీ ప్రకటించాయి. నా షీట్‌లో రెండు నిలువు వరసలు పక్కపక్కనే ఉండేవి: ఏ విడత ఎప్పుడు వస్తుంది, ఏ బాండు ఎప్పుడు తీరుతుంది. మే 18న యూరో దేశాల నుంచి మొదటి విడత 1,450 కోట్లు వచ్చింది. మర్నాడే, 19న, సుమారు 850 కోట్ల బాండు తీర్చాలి. ఒక వరసలోంచి పక్క వరసలోకి, ఒక్క రాత్రి దూరం. బాండు చేతిలో ఉన్నవాడు ఏథెన్స్ పింఛనుదారు కాదు, ఎక్కువగా యూరప్ బ్యాంకులు.

బెర్లిన్‌లోని ఒక మేనేజ్‌మెంట్ స్కూల్ పరిశోధకులు 2016లో మొదటి రెండు ప్యాకేజీల లెక్క తీశారు. దాదాపు 21,600 కోట్ల యూరోల్లో గ్రీస్ బడ్జెట్‌కు నేరుగా చేరింది 970 కోట్లు. 5 శాతం కూడా కాదు. మిగిలింది పాత అప్పులకు, వడ్డీలకు, బ్యాంకుల మూలధనానికి. కొత్త అప్పు మాత్రం ప్రజల పేరునే ఉంది. ఏథెన్స్‌లో పార్లమెంటు ముందున్న సింటాగ్మా చౌక్‌లో జనం అడిగింది ఈ లెక్కే. దాన్ని కృతఘ్నత అన్నారు.

అపోహ: పన్ను కట్టడం ఇష్టం లేకే గొడవ.

2014లో సెలవు పెట్టి ఏథెన్స్ వెళ్ళాను. నేను దిగిన ఇంటావిడ రిటైర్డ్ టీచరు. నా పని గురించి విని లోపల్నుంచి ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టారు. అన్నీ కరెంటు బిల్లులు. 2011 శరదృతువు నుంచి వచ్చిన బిల్లుల్లో వాడిన కరెంటు చార్జీ కింద ఇంకో పద్దు ఉంది: ఇంటి వైశాల్యాన్ని బట్టి వేసిన ఆస్తి పన్ను. ఒకటి కట్టి ఇంకోటి ఆపుదామంటే కుదరదు. కట్టకపోతే కరెంటు కట్. ఆమె వేలు పెట్టి చూపించిన బిల్లులో కరెంటు కన్నా పన్నే ఎక్కువ. దాన్ని జనం 'హరాత్సి' అనేవారు. ఒట్టోమాన్ పాలకులు క్రైస్తవుల దగ్గర వసూలు చేసిన తలపన్ను పేరు అది. పన్ను కోసం కరెంటు తీసేయడం రాజ్యాంగ విరుద్ధమని 2012లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం చెప్పింది.

గ్రీస్‌లో పన్ను ఎగవేత లేదని నేననను. ఉత్తర ఏథెన్స్ సంపన్న శివార్లలో ఈతకొలను ఉందని పన్ను పత్రాల్లో చూపినవాళ్ళు 324 మంది. ఉపగ్రహ చిత్రాల్లో లెక్కపెడితే 16,974 కొలనులు తేలాయి. జీతగాడికి, పింఛనుదారుకు పన్ను చేతికి రాకముందే కోసేస్తారు, ఎగ్గొట్టే దారే లేదు. కొలను ఉన్నవాణ్ణి పట్టుకోలేని ప్రభుత్వం మీటరు ఉన్న ప్రతి ఇంటి తలుపూ తట్టింది. ఆ టీచరు పన్నంతా కట్టారు, రసీదులన్నీ దాచారు. ఆమె ఊరేగింపులకూ వెళ్ళారు. ఈ రెండూ ఒకే మనిషి చేసిన పనులని నా షీట్‌లో ఎక్కడా రాసే చోటు లేదు.

అపోహ: ఇల్లయినా దేశమైనా ఒకటే, ఖర్చు తగ్గిస్తే అప్పు తగ్గుతుంది.

ఇంట్లో ఖర్చు తగ్గిస్తే మన జీతం తగ్గదు. దేశంలో ఒకరి ఖర్చు ఇంకొకరి సంపాదన. టీచరు జీతం కోస్తే కూరగాయల కొట్టువాడి గల్లా తగ్గుతుంది, అతను కట్టే పన్ను తగ్గుతుంది. గ్రీస్ జీడీపీ పాతిక శాతం కుంగింది. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది, యువతలో అయితే సగానికి పైగా. 2009లో జీడీపీలో 127 శాతం దగ్గరున్న అప్పు, 2012లో బాండ్లు కొన్న ప్రైవేటు వాళ్ళకు అసలులో 53.5 శాతం కోత పెట్టిన తర్వాత కూడా, 2014కి 180 శాతం దగ్గరికి చేరింది. లవం (అప్పు) తగ్గించబోయి హారాన్ని (జీడీపీని) అంతకన్నా ఎక్కువ తగ్గించారు.

దీన్ని ఐఎంఎఫ్ ఆర్థికవేత్తలే 2012 అక్టోబర్‌లో రాశారు. ఒక యూరో కోస్తే దేశాదాయం అర యూరో తగ్గుతుందని అంచనాలు వేశారు. నిజంగా తగ్గింది 0.9 నుంచి 1.7 యూరోల మధ్య. రెండేళ్ళకు పైగా వీధుల్లో జనం, డిగ్రీల్లేకుండానే, చెబుతున్న మాట ఇదే. ఆ పత్రం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అంచనాలన్నీ ఆ అర యూరో మీదే కట్టి ఉన్నాయి.

అపోహ: రోడ్డెక్కినవాళ్ళు అల్లరి మూకలు.

2010 మే 5న ఏథెన్స్ సమ్మె రోజు ఒక బ్యాంకు శాఖకు నిప్పు పెట్టారు. ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు, వారిలో ఒకావిడ గర్భిణి. దీన్ని ఏ కారణంతోనూ సమర్థించలేం. ఆ తర్వాత చాలా నెలలు ఎంతోమంది గ్రీకులు ఊరేగింపులకు రావడమే మానేశారు.

కానీ టీవీలో మంటలు కనిపించినంతగా మిగతావి కనిపించవు. 2011 మే 15 తర్వాత మాడ్రిడ్‌లోని పుయెర్తా దెల్ సోల్ చౌక్‌లో గుడారాలు వేసుకున్న కుర్రాళ్ళు లైబ్రరీ పెట్టుకున్నారు, వంతులేసుకుని ఊడ్చుకున్నారు. బార్సిలోనాలో తాతలు, అమ్మమ్మలు పసుపు చొక్కాలు తొడుక్కుని బ్యాంకు శాఖల్లో బైఠాయించారు. ఐర్లండ్‌లో డెబ్బై దాటినవాళ్ళ ఉచిత వైద్య కార్డుల మీద 2008 అక్టోబర్‌లో వేటు పడబోతే వేలమంది వృద్ధులు పార్లమెంటు ముందు నిలబడి ప్రభుత్వాన్ని వెనక్కి తగ్గించారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది బ్యాలీహే. కార్క్ కౌంటీలో చిన్న పల్లె. 2011 మార్చి నుంచి ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక కొంతమంది బ్యానరు పట్టుకుని ఊరి రోడ్డు మీద నడిచేవారు. బ్యాంకుల బాండుదార్ల బాకీ మేమెందుకు కట్టాలన్నది వాళ్ళ ప్రశ్న. వచ్చేది పదుల్లోనే. వానలో, చలిలో, ఏళ్ళ తరబడి ప్రతి వారం. ఒక్క అద్దం పగల్లేదు. నా గడిలో ఆ ఊరికి చోటే లేదు.

అపోహ: అరిచి ఏం సాధించారు?

పోర్చుగల్ చూడండి. 2012 సెప్టెంబర్ 7న ప్రధాని ఒక ప్రకటన చేశారు: సామాజిక భద్రత చందా ఉద్యోగులకు 11 నుంచి 18 శాతానికి పెరుగుతుంది, యజమానులకు 23.75 నుంచి 18కి తగ్గుతుంది. కార్మికుడి జేబులోంచి తీసి యజమాని జేబులో పెట్టడమని ఎవరికైనా అర్థమయ్యే అంకెలు. 15న దేశమంతా లక్షలమంది బయటికొచ్చారు, జీవితంలో ఎప్పుడూ నినాదం ఇవ్వనివాళ్ళు కూడా. ఆ నెలలోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. దాని బదులు ఆదాయపు పన్ను భారీగా పెంచారనేది కూడా చెప్పాలి. ఐర్లండ్‌లో నీటి చార్జీలు 2016లో ఆగిపోయాయి, కట్టినవాళ్ళకు డబ్బు వెనక్కిచ్చారు. కోతలు ఆగలేదు గానీ, ఎవరి మీద పడాలనే లెక్క చాలాచోట్ల మారింది.

అపోహ: 2015 రిఫరెండంలో గ్రీకులు యూరో వద్దన్నారు.

బ్యాలెట్ మీద ఆ ప్రశ్నే లేదు. రుణదాతలు జూన్ 25న పెట్టిన షరతుల్ని ఒప్పుకోవాలా అని అడిగారు. అప్పటికే బ్యాంకులు మూతపడ్డాయి, ఏటీఎంలో రోజుకు 60 యూరోలు. ఇరవై యూరోల నోట్లు అయిపోయాక చాలా మిషన్లలో చేతికొచ్చేది 50 మాత్రమే. ఆ క్యూల్లో నిలబడి కూడా జూలై 5న 61.3 శాతం వద్దన్నారు. అదే జనంలో ఎక్కువమంది యూరోలోనే ఉండాలని సర్వేల్లో చెబుతూనే ఉన్నారు. ఇందులో వైరుధ్యం నాకేమీ కనబడదు. ఈ ఇంట్లోనే ఉంటాను, అద్దె షరతులు మాత్రం ఇవి కావు అనడం లాంటిది.

ఎనిమిది రోజుల్లో ప్రభుత్వం మరో 8,600 కోట్ల యూరోల దాకా అప్పుకు, ఇంకా గట్టి షరతులకు తలొంచింది. సెప్టెంబర్ ఎన్నికల్లో మళ్ళీ అదే పాలక పార్టీ గెలిచింది, కానీ పోలింగ్ 56.6 శాతానికి పడిపోయింది. గెలుపు అందరూ రాశారు, రానివాళ్ళ గురించి ఎవరూ రాయలేదు.

అపోహ: ఐస్‌లాండ్ అప్పు ఎగ్గొట్టి బాగుపడింది.

వాట్సాప్‌లో ఏటా తిరిగే కథ. దివాలా తీసిన ఒక ప్రైవేటు బ్యాంకు బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో 'ఐస్‌సేవ్' పేరుతో సేకరించిన డిపాజిట్ల భారం తాము మోయబోమని జనం 2010, 2011 రెండు రిఫరెండంలలో చెప్పిన మాట నిజం. 2013లో కోర్టు కూడా వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. అయితే ఆ దేశం ఐఎంఎఫ్ దగ్గర 210 కోట్ల డాలర్లు తీసుకుంది, పన్నులు పెంచింది, కరెన్సీ విలువ దాదాపు సగం పోయింది, విదేశాలకు డబ్బు పంపడం మీద ఆంక్షలు 2017 దాకా నడిచాయి. పడిపోవడానికి సొంత కరెన్సీ ఒకటి వాళ్ళకుంది. గ్రీస్‌కు అది లేదు.

అపోహ: గొడవ లేదంటే జనం ఒప్పుకున్నట్టే.

లాత్వియాను ఇలాగే చూపిస్తారు. 2009 జనవరిలో రాజధాని రీగాలో ఒకసారి రాళ్ళు పడ్డాయి, తర్వాత సద్దుమణిగింది. ఆదాయం 20 శాతానికి పైగా కుంగినా, కోతలు పెట్టిన ప్రధానినే 2010లో గెలిపించారు. నేనూ ఆ గడిలో ధీమాగా 1 వేశాను. వాళ్ళు నినాదాలు ఇవ్వలేదు, బస్సులెక్కి విమానాలెక్కి ఐర్లండ్‌కు, బ్రిటన్‌కు వెళ్ళిపోయారు. గ్రీస్ నుంచి కూడా 2008 తర్వాత 4 లక్షలమందికి పైగా వెళ్ళారు. డాక్టర్లు, ఇంజినీర్లు, చదువు ముగిసిన పిల్లలు. కొడుకును విమానం ఎక్కించి ఇంటికొచ్చిన తల్లి ఏ ఊరేగింపు లెక్కలోనూ ఉండదు.

వెళ్ళలేనివాళ్ళు ఇంకోలా బదులిచ్చారు. ఏథెన్స్ పాత విమానాశ్రయం పక్కన, హెల్లినికోలో, 2011 డిసెంబర్‌లో కొందరు డాక్టర్లు, ఊరివాళ్ళు కలిసి ఒక ఉచిత వైద్యశాల మొదలుపెట్టారు. ఉద్యోగం పోయిన కొంతకాలానికి ఆరోగ్య బీమా కూడా పోయేది; అలాంటివాళ్ళ కోసం. డబ్బు ఇస్తామంటే తీసుకునేవారు కాదు. మందులు, పసిపిల్లల పాలపొడి తీసుకునేవారు. నేను వెళ్ళిన రోజు ఒక పెద్దాయన పొడవాటి బల్ల ముందు కూర్చుని, జనం తెచ్చిచ్చిన సగం వాడిన మాత్రల స్ట్రిప్పుల్ని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి గడువు తేదీ చూసి వేర్వేరు డబ్బాల్లో వేస్తున్నాడు. 2015లో యూరోపియన్ పార్లమెంటు ఆ వైద్యశాలకు యూరోపియన్ పౌర పురస్కారం ప్రకటించింది. వాళ్ళు వద్దని తిప్పి పంపారు.