ఆగిపోయిన టీకా, తేలిన లెక్క

2010 ఏప్రిల్‌లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం ఆగిపోయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే టీకా ఇది. కొందరు బాలికలు చనిపోవడంతో ఆందోళన రేగింది. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. అది చిన్న తప్పు కాదు.

అప్పుడే మరో అధ్యయనంలోనూ టీకాలు నిలిపేశారు. రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని తేల్చడానికి మొదలైన ఆ అధ్యయనంలో 17,729 మంది బాలికలు చేరారు. దాదాపు 5 వేల మందికి ఒక్క డోసుతోనే సరి. పరిశోధకులు వాళ్లను వదిలేయలేదు, పదేళ్లు గమనిస్తూ వచ్చారు. ఈ క్యాన్సర్‌ను ఎక్కువగా తెచ్చే 16, 18 రకాల హెచ్‌పీవీ ఒంట్లో తిష్ఠ వేయకుండా ఒక డోసు 95.4 శాతం, మూడు డోసులు 93.3 శాతం కాపాడాయి. అలాగని ఒక డోసే మేలనుకోకూడదు. దాని అసలు విలువ 85.0 నుంచి 99.9 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పైగా ఒక డోసు ఎవరికన్నది చీటీలు తీసి నిర్ణయించింది కాదు, కాబట్టి గుంపుల మధ్య తేడాలను లెక్కలో సరిచేయాల్సి వచ్చింది.

వైరస్ సోకాక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రావడానికి మామూలుగా 15–20 ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు ఆగలేం గనుకే గణిత నమూనాలు. ఏ వయసులో ఎందరికి వైరస్ సోకుతుంది, ఎందరికి రెండేళ్లలో దానంతటదే పోతుంది (చాలామందికి పోతుంది), మిగిలినవారిలో ఎందరికి కణాలు చెడతాయి అని కంప్యూటర్లో ఏడాదికేడాది నడిపి చూస్తారు. ఒక్కో అమ్మాయిని విడిగా లెక్కగడితే టీకా ఫలితం తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వైరస్ సోకనివాళ్లు దాన్ని ఇంకొకరికి అంటించరు. ఆస్ట్రేలియాలో 2007 నుంచి అమ్మాయిలకు టీకా వేస్తే, టీకా లేని అబ్బాయిల్లోనూ జననాంగ పులిపిర్లు తగ్గాయి.

చేతిలో 90 డోసులున్నాయనుకోండి. మూడేసి చొప్పున 30 మందికి వేస్తే రక్షణ 28 మందికి. ఒక్కొక్కటే 90 మందికి వేస్తే, అధమం 85 శాతమే పనిచేసిందనుకున్నా 76 మందికి. 9–20 ఏళ్లవారికి ఒక డోసు వేసినా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

లక్ష మంది స్త్రీలలో ఏటా ఈ క్యాన్సర్ కేసులు 4 కంటే తక్కువే రావాలన్నది ఆ సంస్థ లక్ష్యం. 78 పేద, దిగువ మధ్యాదాయ దేశాలకు కట్టిన నమూనాల్లో, టీకా ఒక్కటే ఉంటే 2030 నాటికి మరణాలు తగ్గేది 0.1 శాతమే. స్క్రీనింగ్ (లక్షణాలు కనిపించకముందే చేసే పరీక్ష), చికిత్స కలిపితే 34.2 శాతం. ఈ రోజు టీకా వేయించుకున్న పాపకు క్యాన్సర్ వచ్చే వయసు ఇంకా చాలా దూరం. ఆమెను తీసుకొచ్చిన తల్లికి మాత్రం 35 ఏళ్ల వయసులో ఒకసారి, 45 ఏళ్ల వయసులో మరోసారి హెచ్‌పీవీ పరీక్ష జరగాలి.