బాలింతకు నీళ్లు ఇవ్వకూడదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: బాలింతకు నీళ్లెక్కువ ఇస్తే కుట్లు చీము పడతాయి, పొట్ట జారిపోతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది.

ప్రసూతి వైద్యురాలిగా నేను పనిచేసిన చోట్లన్నిటా ఈ మాట విన్నాను. పత్యం పెట్టడంలో ఇంటికొక పద్ధతి ఉంది. ఒకరు వెల్లుల్లి కారంతో పెడతారు, ఇంకొకరు సొంఠిపొడితో పెడతారు, వేరొకరు బీరకాయ తప్ప మరే కూరా ముట్టనివ్వరు. దాహం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ఒక్కటైపోతారు. మంచం పక్కన ఫ్లాస్కులో కాచిన నీళ్లుంటాయి గానీ ఫ్లాస్కు మూత అమ్మమ్మ చేతిలో ఉంటుంది. ఆవిడ ఆ మూతలో సగం దాకా పోసి, మాత్ర గొంతు దిగడానికి ఎన్ని చాలునో అన్నే తాగించి, అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లను మళ్లీ ఫ్లాస్కులో ఒంపేస్తుంది. బాలింత పెదవులు నాలుకతో తడుపుకుంటూ గోడవైపు తిరిగి పడుకుంటుంది.

వాస్తవం: తాగిన నీళ్లు కుట్ల దగ్గరికి చేరి చీముగా మారవు. చీముకు కారణం సూక్ష్మక్రిములు. రక్తహీనత, అదుపులో లేని షుగరు ఉన్నవారిలో ఆ ముప్పు ఎక్కువ. పొట్టకూ నీళ్లకూ సంబంధం లేదు. ప్రసవమైన వెంటనే సుమారు కిలో బరువుండే గర్భసంచి ఆరు వారాలలో వంద గ్రాముల లోపుకు కుదించుకుపోతుంది. సాగిన పొట్ట కండరాలు బిగుసుకోవడానికి నెలలు పడుతుంది, అవి నీళ్లు మానినందువల్ల బిగుసుకోవు. బిడ్డ జలుబు వైరస్ వల్ల వస్తుంది, తల్లి తాగిన నీటివల్ల కాదు.

పాలిచ్చే తల్లి శరీరం నుండి రోజుకు ముప్పావు లీటరు దాకా పాలు వెళ్తాయి, అందులో అధికభాగం నీరే. చెమట, మూత్రం దానికి అదనం. అందుచేత మంచినీళ్లు, మజ్జిగ, పాలు, చారు అన్నీ కలిపి రోజుకు మూడు లీటర్ల వరకు ఆమెకు అవసరమవుతాయి. గోరువెచ్చని నీళ్లే ఇవ్వాలని పెద్దలు పట్టుబడితే అలాగే ఇవ్వండి, నాకే అభ్యంతరమూ లేదు. ఎన్ని అడిగితే అన్ని ఇవ్వండి, అంతే. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నందునో, బీపీ తీవ్రంగా ఉన్నందునో వైద్యులు కొలత చెప్పి ఉంటే మాత్రం ఆ కొలతే పాటించాలి. ఇంకొక సంగతి కూడా చెప్పాలి: అవసరానికి మించి నీళ్లు తాగినంత మాత్రాన పాలు పెరగవు. బిడ్డ తరచుగా చీకుతుంటే, రొమ్ము ఖాళీ అవుతుంటే పాలు పెరుగుతాయి. నీళ్లు తల్లి కోసం.

నీళ్లు కట్టడి చేస్తే మొదట వచ్చేది మలబద్ధకం. నెయ్యన్నం, కారప్పొడి, దానికి తోడు ఐరన్ మాత్రలు, పైన నీళ్లు లేవు. కుట్లు పచ్చిగా ఉన్న మనిషి మరుగుదొడ్డిలో కూర్చుని ఏడవడం నేను చూశాను. తర్వాత మూత్రంలో మంట, చలిజ్వరం. వీటన్నిటినీ మించినది రక్తం గడ్డకట్టడం. కాన్పు సమయంలో రక్తం ఎక్కువగా పోకుండా ఉండేందుకు గర్భవతి రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది, ప్రసవం తర్వాత ఆరు వారాల వరకు అది పూర్తిగా తగ్గదు. ఆ సమయంలో నీళ్లు లేక రక్తం చిక్కబడి, ఆపైన రోజుల తరబడి మంచం దిగకుండా ఉంటే, కాలి సిరలలోనూ ఒక్కొక్కప్పుడు మెదడు సిరలలోనూ గడ్డలు ఏర్పడతాయి. బాలింతలలో మెదడు సిరలు మూసుకుపోవడం గురించి మన దేశపు నరాల వైద్యులు దశాబ్దాలుగా హెచ్చరిస్తూనే ఉన్నారు.

సిజేరియన్ అయి ఇంటికి వెళ్లిన ఒక అమ్మాయిని రెండో వారంలో ఫిట్స్‌తో మా దగ్గరికి తీసుకువచ్చారు. అంతకు ముందు కొన్ని రోజులుగా తలనొప్పి అంటూనే ఉందట. నడుముకిచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లేనని ఇంట్లో తేల్చేశారు, దిష్టి తీశారు, మందుల షాపు నుండి బిళ్లలు తెచ్చి వేశారు. ఆమె నాలుక ఎండి అంగిలికి అంటుకుపోతోంది. స్కాన్‌లో మెదడు సిరలో గడ్డ కనిపించింది. రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లతో ఆమె కోలుకుంది. వరండాలో కూర్చున్న అత్తగారు, "మాకూ ఇలాగే చేశారు డాక్టరమ్మా, మాకేమీ కాలేదే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడను కసరడానికి నాకు నోరు రాలేదు. కోడలికి సన్ని (జ్వరంతో వచ్చే సంధి) పడుతుందన్న భయంతోనే ఆవిడ నీళ్లు దాచింది. నీటి కొరత ఒక్కటే ఆ గడ్డకు కారణమని నేను చెప్పను. రక్తహీనత, ఆపరేషన్, కదలకుండా పడుకోవడం అన్నీ తోడయ్యాయి. వాటిలో పైసా ఖర్చు లేకుండా ఇంటివారు సరిదిద్దగలిగినది మాత్రం నీళ్ల సంగతే. ఇరుగుపొరుగు చెప్పిన మాట మీద ఉన్న నమ్మకం డిశ్చార్జి రోజున మేము చెప్పిన మాట మీద ఎందుకుండదో నాకు నేటికీ అర్థం కాదు.

అపోహ: బాలింతకు తలనొప్పి మామూలే, మత్తు ఇంజెక్షన్ వల్ల వస్తుంది.

వాస్తవం: ఆ ఇంజెక్షన్ వల్ల కొందరికి తలనొప్పి వచ్చే మాట నిజమే, కానీ అది లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంది. రోజురోజుకూ పెరిగే నొప్పి, పడుకున్నా తగ్గని నొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే వెంటనే ఆసుపత్రికి రావాలి. ప్రసవం తర్వాత మూడు నుండి ఆరు రోజుల మధ్య బీపీ బాగా పెరిగే అవకాశముంది, గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ లేనివారికి కూడా ఆరు వారాలలోపు కొత్తగా రావచ్చు. కాబట్టి బిళ్ల వేయడానికి ముందు బీపీ చూపించండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ముర్రుపాలు పిండి పారబోయకూడదు, తేనె నాకించకూడదు. పప్పు, ఆకుకూరలు, పండ్లు మానిపించడంలో అర్థం లేదు. నడికట్టు కడితే నడుముకు ఆసరాగా ఉంటుందే తప్ప పొట్ట తగ్గదు, ఊపిరాడనంత బిగించకూడదు. కుంపటి పొగ తల్లికీ బిడ్డకూ మంచిది కాదు. పాలిస్తున్నంత కాలం గర్భం రాదన్నది నమ్మి ఏడాది తిరగకుండానే మళ్లీ వచ్చినవారు చాలామంది ఉన్నారు. బిడ్డకు ఆరు నెలలు నిండనప్పుడు, తల్లిపాలు తప్ప మరేదీ పట్టనప్పుడు, నెలసరి తిరిగి రానప్పుడు, ఈ మూడూ కలిస్తేనే ఆ మాట కొంతవరకు నిజమవుతుంది. ఐరన్ మాత్రలు ప్రసవం తర్వాత 180 రోజులు వేసుకోవాలి.

రక్తస్రావం చూసి భయపడే అమ్మాయిలకు ఒక మాట. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమరంగుగా, పది రోజుల తర్వాత తెల్లగా మారుతూ నాలుగు నుండి ఆరు వారాలు ఉండటం సహజం. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్లు నొప్పి రావడం కూడా గర్భసంచి కుదించుకుంటోందన్న గుర్తే, రెండో కాన్పులో అది ఇంకా ఎక్కువగా ఉంటుంది. మూడు నుండి ఐదో రోజు మధ్య కారణం లేకుండా కన్నీళ్లు వస్తే మీలో లోపమేదో ఉందని అనుకోవద్దు. ఆ దిగులు రెండు వారాలు దాటినా పోకపోతే, బిడ్డ మీద మనసు నిలవకపోతే, దాన్ని గాలి సోకిందనో గారాబమనో కొట్టిపారేయకుండా వైద్యులకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆసుపత్రిలో కాన్పు అయినవారి ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త రావాలి. ఆమె వచ్చినప్పుడు బిడ్డను మాత్రమే చూపించి పంపేయకుండా, తల్లికి జ్వరముందా, మూత్రం సాఫీగా వస్తోందా, కుట్లు ఎలా ఉన్నాయి అన్నవి కూడా చెప్పండి. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, ఒక కాలు వాచి నొప్పి పెడుతున్నా, ఊపిరి అందకపోయినా ఆశా రాక కోసం ఆగవద్దు, పురిటి మైల తీరలేదనీ ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి.