‘నాన్నకు చెప్పకండి’: సత్యం, దయ ఎదురుపడినప్పుడు

“నాన్నకు చెప్పకండి డాక్టరుగారూ. గడ్డ అనండి, చాలు.” రెడ్‌హిల్స్ నుంచి బంజారాహిల్స్ దాకా హైదరాబాద్ క్యాన్సర్ ఆసుపత్రుల్లో వైద్యులకు ఈ వేడుకోలు కొత్త కాదు. అడిగే కొడుకులో కపటం లేదు, తండ్రి కుంగిపోతాడన్న భయమే ఉంది. కానీ వైద్యుడి ముందు రెండు ధర్మాలు ఎదురుపడతాయి: అబద్ధమాడరాదు, రోగికి హాని చేయరాదు.

ఈ చిక్కు చాలా పాతది. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. సత్యవ్రతం పట్టిన ఆ తాపసి ఆశ్రమం పక్కనే, దొంగలకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లు పొదల్లో దాక్కున్నారు. దొంగలు వచ్చి అడిగితే కౌశికుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. దాక్కున్నవాళ్లు హతులయ్యారు, కౌశికుడు నరకానికి పోయాడు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు ఇంకా ముందుకెళ్లి, ప్రాణం, విత్తం, మానం పోయేచోట బొంకవచ్చని బలికి నచ్చజెబుతాడు. బలి వినలేదు. అక్కడ కాపాడుకోవాల్సింది బలి సొంత సంపద, కౌశికుడి దగ్గర పోయినవి పరుల ప్రాణాలు. ఈ తేడాను నేను చాలా ముఖ్యంగా చూస్తాను.

దాదాపు ఇదే సన్నివేశానికి 1797లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ తలకిందుల తీర్పు ఇచ్చాడు. మన ఇంట్లో దాక్కున్న స్నేహితుడి కోసం హంతకుడు తలుపు తట్టినా అబద్ధం చెప్పే హక్కు మనకు లేదన్నాడు. నిజమైన విధులు రెండు ఢీకొనడం అసాధ్యమని అతని సిద్ధాంతం. మన దగ్గర వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు ప్రమాణాలకు వరుస కట్టారు: శ్రుతికీ (వేదం) స్మృతికీ (ధర్మశాస్త్రాలు) విరోధం వస్తే శ్రుతిదే పైచేయి. సత్యానికీ దయకూ అలాంటి వరుస ఎవరూ తేల్చలేదు.

1930లో ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త డబ్ల్యూ.డి. రాస్ వరుసనే వదిలేశాడు. మాట నిలుపుకోవడం, మేలు చేయడం, హాని చేయకపోవడం వంటి విధులన్నీ నిజమైనవే, ఏది బరువైనదో సందర్భాన్ని బట్టి తూచాలన్నాడు. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది అతని మరో మాట: ఓడిన విధి మాయమైపోదు. ఒకరిని ఆదుకోవడానికి ఇంకొకరికిచ్చిన మాట తప్పితే, ఆ రెండోవారికి ఏదో విధంగా సరిదిద్దుకోవాల్సిన బాధ్యత మిగులుతుంది.

వైద్యంలో తూకం ఎంత మారిందో చూడండి. అమెరికాలో 1961లో జరిగిన ఒక సర్వేలో దాదాపు 90 శాతం వైద్యులు క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడానికే మొగ్గారు. 1979 సర్వేలో 97 శాతం చెప్పడానికే మొగ్గు చూపారు. మన వైద్యుల నియమావళి (2002) మాత్రం జబ్బు తీవ్రతను పెంచీ తగ్గించీ చెప్పవద్దంటూనే, ఆ సమాచారం “రోగికి, బంధువులకు లేదా బాధ్యత గల మిత్రులకు” తెలియాలంటుంది. ఆ ‘లేదా’ చాటునే కొడుకు విన్నపం నిలబడుతోంది.

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఆ చాటును చాలావరకు తొలగించింది. మత్తులో ఉన్న వయోజనురాలికి, అత్యవసరం కాని శస్త్రచికిత్స కోసం తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని, తగిన సమాచారం తెలిశాక రోగి ఇచ్చేదే సమ్మతి అని తేల్చింది. ఆ లెక్కన ‘గడ్డ’ అని మాత్రమే విన్న తండ్రి కీమో పత్రంపై పెట్టే సంతకానికి విలువ ఎంత? వైద్యుడు ముందుగా తండ్రినే అడగవచ్చు: “జబ్బు వివరాలు మీకు చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పమంటారా?” వద్దనే హక్కు కూడా ఆయనదే.